బిడ్డ మైదానంలో, మనం గట్టున

గత ఏడాది ఒక శుక్రవారం నాడు అనంతపురంలో 14 ఏళ్ళలోపు బాలుర ఫుట్‌బాల్ ఎంపికలు జరుగుతుండగా మేము అక్కడ ఉన్నాము. మైదానం పేరు, నిర్వాహకుల పేర్లు ఇక్కడ అనవసరం. గుంతకల్లు వైపు నుండి తెల్లవారుజామున రైలెక్కి వచ్చిన ఒక తండ్రి తన కుమారునితో వేపచెట్టు కింద కూర్చొని ఉన్నారు. దూదేకుల కుటుంబం. పరుపులు కుట్టే పని. బాలుని పేరు రెండవ బ్యాచ్‌లో వచ్చింది. ఆ బ్యాచ్‌ను మధ్యాహ్నం ఒంటిగంటకు పిలుస్తామన్నారు. అది జుమా నమాజు వేళ. మొదటి బ్యాచ్‌లోనో మూడవ బ్యాచ్‌లోనో చేర్చమని అడిగితే సరిపోయేది. మేము ఆ మాటే అన్నాము.

"వద్దులే భాయ్. ఏమనుకుంటారో ఏమో. ఈడికి గూడా మతం తెచ్చినాడంటారు" అన్నారాయన.

బాలుడు జుమా వదులుకొని ఆడాడు. ఎంపిక కాలేదు. సాయంత్రం రైల్వే స్టేషను దాకా దారి పొడవునా ఆ తండ్రి కుమారుని తిడుతూనే ఉన్నారు. పరుగెత్తలేదన్నారు, కాలి దగ్గరకు వచ్చిన బంతిని వదిలేశావన్నారు, ఇంత ఖర్చు పెట్టుకొని వస్తే పరువు తీశావన్నారు. బాలుడు బూట్లు చేత పట్టుకొని నాలుగడుగులు వెనుకగా నడిచాడు.

నిర్వాహకుల ముందు పెదవి విప్పలేని మనిషికి బిడ్డ ముందు అంత గొంతు ఎక్కడి నుండి వచ్చిందని ఆలోచిస్తూ ఇల్లు చేరాము. ఆయనను తప్పుపట్టాలని ఈ సంగతి రాయడం లేదు. మనలో చాలామందిమి ఈ రెండు పనులూ చేస్తున్నాము. అడగవలసిన చోట అడగము. అక్కడ మింగిన మాటలన్నీ ఇంటికి తెచ్చి బిడ్డ నెత్తిన దింపుతాము.

ఈ అలవాటుకు మన జిల్లాలో ఒక ప్రత్యేక కారణం ఉన్నది. నగరాలలో బిడ్డను ఆటలోకి తోసే తల్లిదండ్రులలో కొందరికి పేరు మీద మోజు ఉండవచ్చు. ఇక్కడ తోసేది కరవు. ఏడాదికి సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వర్షం పడే నేల ఇది. అదీ వేరుశనగకు కావలసిన రోజుల్లో పడుతుందన్న నమ్మకం లేదు. పంట పోయిన ఏడు సగం ఊరు బెంగళూరు బస్సెక్కుతుంది. నీళ్ళు లేని చెరువులో పిల్లలు మూడు కట్టెలు పాతి క్రికెట్ ఆడుతుంటే, గట్టు మీద నిలబడిన తండ్రికి ఆ ఆటలో స్పోర్ట్స్ కోటా కనిపిస్తుంది, రైల్వే ఉద్యోగం కనిపిస్తుంది, పోలీసు ఉద్యోగం కనిపిస్తుంది. ఆశ పడడం నేరం కాదు. కానీ కుటుంబం ఆశ మొత్తాన్ని పన్నెండేళ్ళ బిడ్డ భుజాన వేస్తే, ఆ బిడ్డ బంతిని తన్నే ముందు గట్టు వైపు చూస్తాడు. ఏ కోచ్‌ను అడిగినా ఈ మాట చెబుతారు.

ఆశకు ఆధారం లేకపోలేదు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నెలకొల్పిన అనంతపురం స్పోర్ట్స్ విలేజ్‌లో పల్లెల పిల్లలు ఫుట్‌బాల్, హాకీ, క్రికెట్, జూడో, టెన్నిస్ నేర్చుకుంటున్నారు. రఫెల్ నాదల్ 2010 అక్టోబరులో స్వయంగా వచ్చి తన ఫౌండేషన్ టెన్నిస్ పాఠశాలను ఇక్కడ ప్రారంభించాడు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఈ పట్టణంలో జరిగాయి. మన జిల్లా అమ్మాయి బారెడ్డి అనూష 2023 జూలైలో బంగ్లాదేశ్ పర్యటనలో భారత జట్టుకు తొలిసారి ఆడింది. కాబట్టి ఇక్కడి బిడ్డకు దారి ఉన్నది. ఆ దారిలో తల్లిదండ్రుల అడుగు ఎంతవరకు పడాలన్నదే మా ప్రశ్న.

దీనికి సీరత్ గ్రంథాలలో ఒక వృత్తాంతం ఉన్నది. హిజ్రీ 3వ సంవత్సరంలో ఉహద్ యుద్ధానికి ముస్లిములు బయలుదేరినప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స) వయస్సు చాలని బాలురను గుర్తించి వెనక్కి పంపివేశారు. వారిలో రాఫె బిన్ ఖదీజ్ (ర) విలువిద్యలో నేర్పరి అని తెలిసి ఆయనను మాత్రం అనుమతించారు. వెనక్కి పంపబడిన సముర బిన్ జుందుబ్ (ర) తన మారుతండ్రి వద్దకు వెళ్ళి, రాఫెను కుస్తీలో తాను పడగొట్టగలనని, అయినా అతనికి అనుమతి లభించి తనకు లభించలేదని మొర పెట్టుకున్నారు. మారుతండ్రి ఆ మాటను దైవప్రవక్త (స) సన్నిధికి చేర్చారు. ఇద్దరినీ కుస్తీ పట్టమని ఆదేశమైంది. సముర గెలిచారు. ఆయనకూ అనుమతి లభించింది.

అది యుద్ధ సందర్భం, ఆట కాదు. అయినా ఆ మారుతండ్రి నడవడిని మనం నిదానంగా పరిశీలించవలసి ఉన్నది. కోరిక బాలునిది. ఆయన దానిని పుట్టించలేదు, పెంచి చెప్పలేదు, చేరవలసిన చోటికి చేర్చారు. రాఫెను తొలగించమని అడగలేదు. మా వాడిని ఎలాగైనా చేర్చుకోండని ప్రాధేయపడలేదు. తన బిడ్డ ఏమి చేయగలడో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నారు. కుస్తీ మొదలైన తర్వాత ఆయన మాట్లాడినట్లు ఎక్కడా లేదు. దైవప్రవక్త (స) కూడా ఆ విన్నపాన్ని ధిక్కారంగా భావించలేదు. పరీక్ష పెట్టారు. సముర ఓడిపోయి ఉంటే తక్కిన బాలురతో మదీనాకు తిరిగి వెళ్ళవలసిందే.

ఓడిపోయిన సందర్భం కూడా మన ఎరుకలోనే ఉన్నది. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు 51 కిలోల విభాగంలో మేరీ కోమ్‌ను ఎంపిక పోటీ లేకుండా పంపాలని బాక్సింగ్ సమాఖ్య ఆలోచించింది. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ అక్టోబరులో కేంద్ర క్రీడామంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. తనను పంపమని ఆమె కోరలేదు, న్యాయంగా ఒక ట్రయల్ పెట్టమని కోరింది. ఆ వయస్సులో, ఆ స్థాయి క్రీడాకారిణికి ఎదురుగా ఈ మాట అనడం తేలిక కాదు. దేశంలో సగం మంది ఆమెను దురుసు పిల్ల అన్నారు. డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. నిఖత్ 9-1 తేడాతో ఓడిపోయింది. అడిగినది లభించింది, గెలుపు లభించలేదు. ఆమె ఇంటికి వచ్చి మళ్ళీ సాధన మొదలుపెట్టింది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ విజేత అయింది. ఆమె ఆటలోకి అడుగుపెట్టిన రోజుల్లో దుస్తుల గురించి బంధువులు ఏమన్నా తండ్రి జమీల్ అహ్మద్ లక్ష్యపెట్టలేదన్నది చాలామందికి తెలిసిన విషయమే. బంధువుల మాటను తాను భరించి, రింగులో జరిగేదాన్ని కూతురికి వదిలివేసిన తండ్రి ఆయన.

మన ఇళ్ళలో ఎక్కువగా చెప్పుకొనే మరో కథ గుంటూరు యువకుడు షేక్ రషీద్‌ది. 2022లో 19 ఏళ్ళలోపు ప్రపంచ కప్ గెలిచిన జట్టుకు ఉపనాయకుడు. సెమీఫైనల్‌లో ఆస్ట్రేలియాపై 94 పరుగులు, ఫైనల్‌లో ఇంగ్లండ్‌పై 50 పరుగులు చేశాడు. కుమారుని సాధనకు తీసుకువెళ్ళడం కోసం తండ్రి ఉద్యోగాన్ని సైతం పోగొట్టుకున్నారని పత్రికలలో వచ్చింది. ఆ త్యాగానికి మేము చేతులెత్తి నమస్కరిస్తాము. కానీ దానిని ప్రతి తండ్రికీ మార్గంగా బోధించడానికి మాకు మనస్సు రావడం లేదు. ఉద్యోగం పోగొట్టుకొని, బిడ్డ జిల్లా జట్టు దాటని తండ్రుల గురించి ఏ పత్రికా రాయదు. ఆ ఇళ్ళలో బిడ్డ ప్రతి ముద్దా అపరాధ భావంతో మింగుతాడు. బిడ్డ మనకు అల్లాహ్ ఇచ్చిన అమానత్. అమానత్ మీద పెట్టుబడి పెట్టి వడ్డీ ఆశించరాదని మన ధర్మం తెలిసిన వారికి వేరే చెప్పనవసరం లేదు.

ఇక అడగడం గురించి. కోచ్‌ను కలవడానికి ముందు బిడ్డను అడగాలి. నీవు ఈ ఆట ఆడదలచుకున్నావా, సారుతో నేను మాట్లాడనా, ఏమని మాట్లాడను? బిడ్డ వద్దంటే, భద్రతకు సంబంధించిన విషయం కానంతవరకు, మనం వెళ్ళకూడదు. వెళితే ఆట ముగిసి, తక్కిన పిల్లలు వెళ్ళిపోయిన తర్వాత వెళ్ళాలి. "మా వాడిని ఎందుకు దించలేదు?" అన్న ప్రశ్నకు ఏ కోచ్ దగ్గరా మంచి సమాధానం ఉండదు. "మా వాడు ఏమి మెరుగుపరచుకోవాలి సార్?" అంటే ఉంటుంది. ఆ సమాధానాన్ని బిడ్డ సమక్షంలోనే వినాలి. పక్కింటి పిల్లవాని ప్రస్తావన ఎంతమాత్రం రాకూడదు.

మంచి కోచ్ పిల్లల నుండి గెలుపు కన్న ముందు నేర్పును కోరుకుంటాడు. హైదరాబాద్ ఫుట్‌బాల్‌ను తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగవ స్థానానికి, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకానికి చేర్చిన వారు. కుర్రవాళ్ళకు వాటం లేని కాలితో మాత్రమే బంతిని తన్నవలసిన పోటీలు ఆయన పెట్టేవారట. అటువంటి పోటీలో ఎవరి కుమారుడూ మెరవడు, అందరి కుమారులూ నేర్చుకుంటారు. అక్కడ గట్టు మీది తండ్రి కేకలు వేసి ప్రయోజనం ఏముంటుంది?

కేకల మాట వచ్చింది గనుక, దివ్య ఖుర్ఆన్‌లో హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన బోధలో నడకలో మితమూ స్వరంలో తగ్గింపూ ఉన్నాయని గుర్తు చేయడం తప్ప మరేమీ అనము.

వయస్సు తగ్గించిన ధ్రువపత్రాల గురించి కూడా ఒక మాట అనక తప్పదు. రెండేళ్ళు తగ్గించి బిడ్డను చిన్న విభాగంలో ఆడించడం సహాయం కాదు, మోసం. ఇంకొక బిడ్డ స్థానాన్ని దొంగిలించడం. 16 ఏళ్ళలోపు బాలురకు బీసీసీఐ ఎముకల వయస్సు పరీక్ష చేయిస్తున్నది. పట్టుబడిన రోజు శిక్ష పడేది పత్రం తెచ్చిన తండ్రికి కాదు.

వీటన్నింటికన్న మనకు కష్టమైనది, వేపచెట్టు కింద ఆ తండ్రి అడగలేకపోయిన ప్రశ్న. జుమా వేళ, రంజాన్‌లో సాధన సమయాలు, శిబిరంలో హలాల్ భోజనం, అమ్మాయిలకు తలపై వస్త్రం, కాళ్ళు కప్పే దుస్తులు. ఇవి అడిగితే ప్రత్యేక సౌకర్యాలు కోరుతున్నామంటారని భయం. ఆ భయం గాలిలో నుండి పుట్టలేదు. ఈ కాలంలో మన పేరు వినగానే ముఖం మారే మనుషులు ఉన్నారు, అది కాదనలేము. అయినా మా అనుభవంలో ఎక్కువమంది నిర్వాహకులకు ద్వేషం కన్న ఏమరుపాటు ఎక్కువ. జుమా ఎన్ని గంటలకో వారికి తెలియదు. మనం చెప్పలేదు.

చెప్పవలసిన సమయం ఎంపికల రోజు కాదు, సీజను మొదలయ్యే ముందు. ఒక పేజీ వినతిపత్రం, దాని నకలు మన దగ్గర. బ్యాచ్ మార్చితే చాలునని, ఆట నిబంధనలకు ఏ ఇబ్బందీ ఉండదని స్పష్టంగా రాయాలి. సాధ్యమైతే ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి వెళ్ళాలి. వారిలో ముస్లిమేతరులు ఒకరుంటే మరీ మంచిది. పరీక్షలు, పండుగలు వారికీ ఉంటాయి.

వస్త్రం విషయంలో మన అమ్మాయిలకు ప్రపంచం ఇప్పటికే కొంత దారి వేసింది. 2011లో జోర్డాన్‌లో ఇరాన్ మహిళల ఫుట్‌బాల్ జట్టును తలవస్త్రం కారణంగా ఒలింపిక్ అర్హత మ్యాచ్ ఆడనివ్వలేదు. ఆ అమ్మాయిలు మైదానంలోనే ఏడ్చారు. ఆ తర్వాత ఆటగాళ్ళు, సమాఖ్యలు, వైద్యులు ఓపికగా వాదించారు. 2012లో ప్రయోగాత్మకంగా, 2014 మార్చిలో పూర్తిగా ఫుట్‌బాల్ నిబంధన మారింది. బాస్కెట్‌బాల్ సమాఖ్య 2017లో మార్చుకున్నది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఇబ్తిహాజ్ ముహమ్మద్ హిజాబ్‌తో కత్తిసాము ఆడి అమెరికా జట్టుతో కాంస్యం తెచ్చుకున్నది. కాబట్టి మండల స్థాయి ఫుట్‌బాల్ పోటీలో ఎవరైనా తలవస్త్రం కుదరదంటే, తగువు పడకుండా "నిబంధన ఎక్కడ ఉన్నదో చూపండి సార్" అని అడిగే హక్కు మన ఆడబిడ్డకు ఉన్నది. ఫుట్‌బాల్ నిబంధన అచ్చు ప్రతిని సంచిలో పెట్టుకొని వెళితే ఇంకా తేలిక.

ఆడబిడ్డల విషయంలో అడ్డు ఎప్పుడూ బయటి వారి నుండే రాదు. పదమూడేళ్ళు రాగానే ఆట మాన్పించేది మనమే. నెపం ధర్మం మీద వేస్తాము. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేశారని, ఒకసారి ఆమె, తర్వాత ఒకసారి ఆయన గెలిచారని అబూదావూద్ హదీసు సంకలనంలో ఉన్నది. మర్యాదలు పాటిస్తూ ఆడే మార్గం వెతకడం తల్లిదండ్రుల పని. వెతకకుండానే లేదనడం న్యాయం కాదు. తల్లి వెంట వెళ్ళి మైదానంలో కూర్చోగలిగితే సగం అభ్యంతరాలు తీరిపోతాయని మేము చూసిన రెండు మూడు ఇళ్ళలో రుజువైంది. తల్లులు ఉల్లిపాయలు ఒలుచుకుంటూనో, చీరకు ఫాల్ కుట్టుకుంటూనో కూర్చుంటారు. కోచ్‌కు పాఠాలు చెప్పరు. తండ్రుల కన్న వారికి ఈ విద్య బాగా తెలుసు.

ఒక్క విషయంలో మాత్రం మెత్తదనం పనికిరాదు. కొట్టడం, బూతులు, గాయం మీద ఆడించడం, ఒంటరిగా గదికి పిలవడం, చేతులు వేయడం, మతం పేరుతో ఎగతాళి. ఇటువంటి వాటిలో సీజను పోతుందని, జట్టులోంచి తీసేస్తారని సంకోచించరాదు. 18 ఏళ్ళలోపు బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలపవలసిందేనని 2012 నాటి పోక్సో చట్టం చెబుతున్నది, తెలపకపోవడం కూడా శిక్షార్హమే. 1098కి ఫోన్ చేస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ పలుకుతుంది. పరువు పోతుందని మన పెద్దలు రాజీ కుదర్చబోతే, ఆ పెద్దలకు కూడా ఈ చట్టం సంగతి చెప్పాలి.

ఇంతవరకు ఎవరి బిడ్డ గురించి వారు అడగడమే చెప్పాము. అసలు మైదానమే లేని బిడ్డ మాట? మన ఉర్దూ మీడియం పాఠశాలలు అనేకం ఇరుకు గల్లీలలో, మసీదు పక్క పాత భవనాలలో నడుస్తున్నాయి. అక్కడ పిల్లలకు వరండాలో క్యారమ్స్ తప్ప ఆట లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి పాఠశాలకు ఆటస్థలం, ఆట వస్తువులు ఉండాలని ఉన్నది. 6 నుండి 8 తరగతులలో 100 మందికి మించి పిల్లలుంటే వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ ఉపాధ్యాయుడైనా ఉండాలని ఉన్నది. మదర్సాలకు ఈ చట్టం వర్తించదు. మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ప్రభుత్వ ఉర్దూ పాఠశాలలకు వర్తిస్తుంది. ఆ పాఠశాలల యాజమాన్య కమిటీలో మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి. అంటే అడిగే కుర్చీ మనదే. మధ్యాహ్న భోజనం గురించి గొంతెత్తే కమిటీలు మైదానం ఊసెత్తకపోవడం చూసి మాకు ఆశ్చర్యంగా ఉంటుంది. స్థలం లేకపోతే దగ్గరలోని ఉన్నత పాఠశాల మైదానాన్ని వారానికి రెండు సాయంత్రాలు ఇప్పించమని తీర్మానం చేసి పంపవచ్చు. తన బిడ్డ ఒక్కడి కోసం కోచ్ వెంటపడే తండ్రి ఉత్సాహంలో నాలుగవ వంతు ఈ తీర్మానానికి చాలు.

వేపచెట్టు కింద కనిపించిన తండ్రి ఈ సంవత్సరం మళ్ళీ వచ్చారు. ఎంపికలకు మూడు వారాల ముందే మరో ఇద్దరు తండ్రులతో కలిసి నిర్వాహకులకు కాగితం ఇచ్చారట. వారిలో ఒకరి కుమారునికి అదే రోజు వేరే పరీక్ష ఉన్నది. ముగ్గురినీ ఉదయం బ్యాచ్‌లో వేశారు. ఎవరూ ఏమీ అనలేదు. జుమాకు తండ్రీ కొడుకులు మా పక్కనే నిలబడ్డారు. సాయంత్రం జాబితా అంటించారు. బాలుడు ఈసారి కూడా జట్టులో లేడు, ప్రత్యామ్నాయ ఆటగాళ్ళలో రెండవవాడు. తండ్రి కోచ్ దగ్గరకు వెళ్ళి ఒక్క ప్రశ్న అడిగారు. ఎడమ కాలు ఇంకా రాలేదన్నారు కోచ్.

స్టేషను దారిలో ఒక హోటలు ముందు ఆయన ఆగి, "ఆకలైతాందేమిరా?" అన్నారు. ఇద్దరూ ఉగ్గాని బజ్జీ చెప్పుకొని బల్ల మీద కూర్చున్నారు. బాలుడు ప్లేటు వచ్చేలోపు బల్ల కింద ఎడమ కాలితో ఒక సోడా మూతను అటూ ఇటూ తన్నుతూ ఉన్నాడు.